సామాను సర్దేవాడంటే అంత చులకనా?

ఇల్లు మారుతున్నామని నోరు జారితే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకే సలహా ఇస్తారు. "ప్యాకర్స్ అండ్ మూవర్సా? వాళ్ళంత దొంగలు ఎక్కడా ఉండరు. నలుగురు హమాలీలను మాట్లాడుకుని ఒక డీసీఎం పిలిపించుకుంటే సాయంత్రానికల్లా పనైపోతుంది. అట్టపెట్టెలో సామాను పెట్టి టేపు అంటించినందుకు పాతిక వేలా?" అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, కాదన్నవాడు ఆ కంపెనీల ఏజెంటేమోనని అనుమానిస్తారు. నేను ఏజెంటును కాను. మోసపోయినవాళ్ళు ఉన్నారనీ, వాళ్ళేమీ తక్కువమంది కారనీ ఒప్పుకునే మాట్లాడుతున్నాను. నా పేచీ అల్లా ఆ మోసాన్ని చూపించి జనం తీసే తీర్మానంతోనే. ఇందులో పనితనమేమీ లేదని ఒకటి, తక్కువ అడిగినవాడే నయమని రెండోది. రెండూ తప్పే. పైగా మోసాన్ని పెంచి పోషిస్తున్నవి ఈ రెండు నమ్మకాలే.

పనితనం సంగతి ముందు చూద్దాం. ఇల్లు ఖాళీ చేయడంలో కష్టమంతా వంటింట్లో ఉంటుంది. హాల్లో సోఫా, టీవీ చూసి "ఏముంది, రెండు గంటల పని" అన్నవాళ్ళు వంటింటి అలమరా తలుపులు తీసేసరికి నీరుగారిపోతారు. పింగాణీ పళ్ళేలను మనం సర్దితే దొంతరగా పడుకోబెడతాం. పని తెలిసినవాడు పెట్టె అడుగున నలిపిన కాగితం మందంగా పరిచి, ఒక్కో పళ్ళేన్ని విడిగా చుట్టి, అంచు మీద నిలబెడతాడు. లారీ గుంతలో పడ్డప్పుడు పడుకోబెట్టిన దొంతరలో పైబరువంతా అడుగు పళ్ళెం నడిమధ్యన దిగుతుంది. నిలబెట్టిన పళ్ళెం ఆ దెబ్బను అంచుతో కాచుకుంటుంది. పుస్తకాలకు అతను చిన్న పెట్టె తీస్తాడు, దిండ్లకూ దుప్పట్లకూ పెద్దది. మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. ఖాళీ ఉంది కదా అని పెద్ద పెట్టె నిండా పుస్తకాలు కుక్కితే, ఎత్తబోయేసరికి అడుగు ఊడి వస్తుంది. అట్టపెట్టెల్లోనూ మూడు పొరలవి, ఐదు పొరలవి, ఏడు పొరలవి ఉంటాయి. కిరాణా కొట్టువాణ్ణి బతిమాలి తెచ్చుకున్న బిస్కెట్ల డబ్బా అప్పటికే ఒకసారి బరువు మోసి, గోదాము తేమకు మెత్తబడింది. అది మళ్ళీ మోస్తుందనుకోవడం మన ఆశ.

ఇంకాస్త దగ్గరగా చూడాలంటే ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ వెనక్కి వెళ్ళి నిలబడాలి. దాని లోపలి డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతుంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు ఆ డ్రమ్ము ఊగకుండా వెనకవైపు పొడుగాటి ట్రాన్సిట్ బోల్టులు బిగించి పంపుతారు. ఇన్‌స్టలేషన్‌కు వచ్చిన కుర్రాడు వాటిని విప్పి మన చేతిలో పెట్టి "దాచిపెట్టుకోండి సార్" అంటాడు. మనం తలూపి ఏదో డ్రాయర్లో పడేస్తాం, మరుసటి దీపావళి శుభ్రతలో అవి చెత్తబుట్టలోకి పోతాయి. ఆ బోల్టులు లేకుండా మెషీన్‌ను లారీ ఎక్కిస్తే హైదరాబాద్ నుంచి బెంగళూరు దాకా సుమారు 570 కిలోమీటర్లూ ఆ డ్రమ్ము రేకుకు కొట్టుకుంటూనే ఉంటుంది. కొత్త ఇంట్లో మొదటిసారి స్పిన్ తిరిగినప్పుడు మెషీన్ గదిలో నడక మొదలుపెడుతుంది. అప్పుడు కంపెనీని తిడతాం, లారీవాణ్ణి తిడతాం. అనుభవమున్న ప్యాకరు ఇంట్లో అడుగుపెట్టాక అడిగే మొదటి ప్రశ్నల్లో "బోల్టులున్నాయా సార్?" అనేది ఒకటి. లేవంటే డ్రమ్ముకూ బాడీకీ మధ్య ఫోమ్ దట్టించి కదలకుండా చేస్తాడు. ఈ ప్రశ్న అడగడం నేర్చుకోవడానికి అతనెన్ని మెషీన్ల చావు చూసి ఉంటాడో.

ఫ్రిజ్‌ను ముందు రోజే ఖాళీ చేసి మంచు కరగనివ్వాలి, నిలబెట్టే తీసుకెళ్ళాలి. పడుకోబెడితే కంప్రెసర్ నూనె పైపుల్లోకి చేరుతుంది, దింపగానే స్విచ్ వేస్తే అంతే సంగతులు. ఎల్‌ఈడీ టీవీ కూడా నిలబడే ప్రయాణం చేయాలి. స్ప్లిట్ ఏసీ విప్పేముందు గ్యాసునంతా బయటి యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసేయాలి, అది ఏసీ మెకానిక్ పని. సరైన కంపెనీ అయితే దానికి డబ్బులు వేరని కొటేషన్‌లోనే రాస్తుంది. పాత టేకు మంచాన్ని బోల్టులు విప్పి ఎన్నిసార్లయినా బిగించవచ్చు. ఇప్పటి పార్టికల్ బోర్డు వార్డ్‌రోబ్ అలా కాదు, రెండోసారి విప్పితే మర పట్టు వదిలేస్తుంది. ఏది విప్పాలో, ఏది విప్పకుండానే దించాలో చూడగానే చెప్పగలిగినవాణ్ణి "మూటలు మోసేవాడు" అనడం అన్యాయం.

ఇక అతను వద్దనేవి కొన్ని ఉన్నాయి. నిండు గ్యాస్ సిలిండరు, ఆసిడ్ ఉన్న ఇన్వర్టర్ బ్యాటరీ, బండి ట్యాంకులో పెట్రోలు, నగలు, నగదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు. పేరున్న కంపెనీలు వీటిని ముట్టుకోవు. మన ధోరణేమో "ఏమవుతుందయ్యా, ఒక మూల పెట్టేయ్". ఊరు మారేటప్పుడు సిలిండరునూ రెగ్యులేటరునూ ఏజెన్సీకి అప్పగిస్తే డిపాజిట్ వెనక్కిచ్చి టెర్మినేషన్ వోచర్ రాసిస్తారు, దాంతో కొత్త ఊళ్ళో కనెక్షన్ తీసుకోవచ్చు. ఆ ఒక్కపూట పనికి బద్ధకించి, ఎండల్లో తాటిపత్రి కప్పిన లారీలో పరుపుల పక్కన గ్యాసు పెట్టమని అడుగుతాం. కాదన్నవాడు పొగరుబోతు. సరేనన్నవాడు "మంచి కుర్రాడు", వాడికి రేటింగులో ఐదు నక్షత్రాలు.

రెండో నమ్మకం దగ్గరికి వస్తాను. రేట్లకు ఒక పద్ధతంటూ లేదని, మనిషిని బట్టి దండుకుంటారని అంటారు. పెళ్ళికి వంట మేస్త్రీని మాట్లాడేటప్పుడు ఎన్ని విస్తళ్ళో చెప్పకుండా రేటు అడిగేవాళ్ళుండరు. ఇల్లు మారేటప్పుడు మాత్రం ఫోన్లో "డబుల్ బెడ్రూమ్, కొండాపూర్ నుంచి విజయవాడ, ఎంత?" అని అడిగి, అవతలివాడు చెప్పిన అంకెను పట్టుకుని కూర్చుంటాం. ఒక డబుల్ బెడ్రూమ్‌లో కొత్తగా పెళ్ళయిన జంట సామానుంటుంది, మరొక దాంట్లో మూడు తరాల ఇత్తడీ రెండు బీరువాలూ తిరగలీ ఉంటాయి. అందుకే సరైన కంపెనీ ముందు సర్వేకు మనిషిని పంపుతుంది, లేదా వీడియో కాల్‌లో అటక మీద దాకా చూపించమంటుంది. ఎన్నో అంతస్తు, లిఫ్టులో బీరువా పడుతుందా, లారీ గేటు దాకా వస్తుందా లేక వీధి మొగలోనే ఆగిపోవాలా, సామాను మొత్తం బండికి సరిపోతుందా లేక ఇంకొకరి సామానుతో కలిపి పార్ట్ లోడ్‌గా పంపవచ్చా, ఇవన్నీ రేటును మార్చేస్తాయి. పార్ట్ లోడ్ చవక, కాని ఏ రోజున చేరుతుందో ఖచ్చితం లేదు. తిరుగు ప్రయాణంలో ఖాళీగా పోయే బండి దొరికితే ఇంకా చవక.

పైగా మనమంతా ఒకే రోజున కదులుతాం. ఆషాఢంలో ఇల్లు మారేవాళ్ళు తక్కువ. శ్రావణం రాగానే మంచి రోజు చూసి అందరూ పాలు పొంగించాలి. మంగళవారం వద్దు, అమావాస్య వద్దు. అద్దె లెక్క కుదరాలంటే నెలాఖరు కావాలి, సెలవు కలిసిరావాలంటే శనాదివారాలు. ఇన్ని చిక్కుముళ్ళు దాటి మిగిలిన నాలుగైదు రోజుల మీద ఊరంతా పడి, ఆ రోజు పద్నాలుగు అడుగుల బండి కిరాయి పెరిగిందని బుగ్గలు నొక్కుకుంటే ఎలా? ఆషాఢంలో ఒక బుధవారం అడిగి చూడండి.

మరి మోసం చేసేవాళ్ళెవరు? చాలా సందర్భాల్లో వాళ్ళు సామాను సర్దేవాళ్ళు కానే కారు. ఏదో వెబ్‌సైట్‌లో "ఉచిత కొటేషన్" కోసం ఫోన్ నంబరు టైపు చేస్తాం. కాఫీ చల్లారేలోపు వరసగా ఫోన్లు. అవతలివాళ్ళలో చాలామందికి సొంత లారీ లేదు, గోదాము లేదు, ప్యాకింగ్ మనుషులూ లేరు. మన నంబరును కొనుక్కున్న బ్రోకర్లు వాళ్ళు. అందరికన్నా తక్కువ చెప్పినవాడికే పని దక్కుతుందని వాళ్ళకు తెలుసు గనక గిట్టుబాటు కాని అంకె చెప్పి అడ్వాన్సు తీసుకుంటారు. తర్వాత ఆ అంకెలోపల పని చేసే బండిని వెతుకుతారు. లోటు ఎక్కడో పూడాలి. లోడింగ్ అయ్యాక "సామాను ఎక్కువుంది" అని, హైవే మీద ఆపి "టోలు, మెట్లు, లేబరు" అని అడుగుతారు. దీన్ని చూసి ఈ వృత్తే దొంగ వృత్తి అంటే ఎలా? వృత్తి తెలియనివాణ్ణి, అదీ అంకె ఒక్కటే చూసి, ఎంచుకున్నది మనమే.

పేరున్నవాళ్ళు కూడా ఈ బ్రోకర్ల దెబ్బకు కోర్టు మెట్లెక్కారు. అగర్వాల్ ప్యాకర్స్ అండ్ మూవర్స్ అనే పేరును వెతికినవాళ్ళకు గూగుల్ ప్రకటనల్లో వేరేవాళ్ళు ప్రత్యక్షమవుతున్నారని, ఆ పేరు హక్కుదారైన డీఆర్‌ఎస్ లాజిస్టిక్స్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ట్రేడ్‌మార్కును కీవర్డుగా అమ్మడం కూడా ఆ మార్కును వాడుకోవడమేననీ, ఈ వ్యవహారంలో గూగుల్ చూస్తూ ఊరుకున్న మధ్యవర్తి మాత్రమే కాదనీ 2023 ఆగస్టులో డివిజన్ బెంచ్ తేల్చింది. కీవర్డు వాడినంత మాత్రాన ప్రతిసారీ ఉల్లంఘన అయిపోదని కూడా అదే తీర్పు చెప్పింది, అది వేరే విషయం. పైన కనిపించిన నంబరుకల్లా ఫోను చేసి, "ఫలానా కంపెనీ మోసం చేసింది" అనేవాళ్ళు తాము మాట్లాడింది నిజంగా ఆ కంపెనీతోనేనా అని ఒకసారి చూసుకుంటే మంచిది.

దారిలో సామాను ఆపి డబ్బు అడగడం మన దేశపు జబ్బే అనుకోవద్దు. న్యూజెర్సీ నుంచి డాలస్ మారిన తెలుగువాళ్ళను అడిగితే ఇలాంటి కథలే చెబుతారు. తేడా ఒకటుంది. అక్కడ రాష్ట్రం దాటే రవాణాకు నిబంధన ఉంది. అంచనా ఖచ్చితమైనది కాకపోయినా, అందులో 110 శాతం కట్టిన వెంటనే సామాను దించాల్సిందే, మిగతా లెక్క తర్వాత. అలాగని అమెరికావాడి పూచీ గొప్పదనుకోకండి. అదనంగా ఏమీ కట్టని పక్షంలో పౌనుకు 60 సెంట్లే బాధ్యత. 50 పౌన్ల టీవీ పగిలితే చేతికొచ్చేది 30 డాలర్లు.

మన దగ్గర చట్టం లేకపోలేదు. 1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానంలో 2007లో క్యారేజ్ బై రోడ్ చట్టం వచ్చింది, 2011లో నియమాలతో సహా అమల్లోకి వచ్చింది. డబ్బుకు సామాను రవాణా చేసేవాళ్ళు, బుకింగ్ కంపెనీలు, ఏజెంట్లు, బ్రోకర్లు కూడా కామన్ క్యారియర్ నిర్వచనంలోకి వస్తారు, రిజిస్ట్రేషన్ చేసుకోవాలి, సామానుకు రసీదు ఇవ్వాలి. నష్టం జరిగితే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల లోపల రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. లేకపోతే దావా నిలవదు. 110 శాతం లాంటి గీత మాత్రం ఈ చట్టంలో లేదు. ప్రభుత్వాన్ని అడగాల్సిన మాట అదీ. "దొంగలు" అని వాట్సాప్‌లో తిట్టేవాళ్ళు ఆ గీత కోసం ఒక్క అర్జీ అయినా పెడితే బాగుండును.

ఈ నియమాల్లో ఒక లెక్క ఉంది. ఎక్కువ రిస్కు రేటు కట్టి రాయించుకుంటే తప్ప, క్యారియరు పూచీ కిరాయికి పది రెట్ల దగ్గర ఆగుతుంది. అదీ మనం రాసిచ్చిన సామాను విలువను మించదు. కిరాయి 20,000 అనుకుందాం. 18 శాతం జీఎస్టీ అంటే 3,600. "బిల్లు వద్దులే, ఆ పన్ను తగ్గించు" అంటాం. లేదా బిల్లు 2,000కే రాయించుకుంటాం. మొదటి పక్షంలో పూచీకి ఆధారమే లేదు. రెండో పక్షంలో 2,00,000 దాకా ఉండాల్సిన పూచీ 20,000కు కుదించుకుపోయింది. ఏ దొంగా చేయలేదు ఈ పని, మన బేరమే చేసింది.

ఇంతవరకూ కంపెనీల పక్షాన మాట్లాడాను కాబట్టి వాళ్ళకూ కొంత వడ్డించాలి. ఎఫ్‌ఓవీ పేరుతో సామాను విలువ మీద కొంత శాతం వసూలు చేస్తూ, కస్టమరుతో మాత్రం "ఇన్సూరెన్స్ అండీ" అని చెప్పడం ఈ రంగంలో మామూలైపోయింది. అది ట్రాన్స్‌పోర్టరు తన పూచీ కోసం తీసుకునే రుసుము. బీమా కంపెనీ పాలసీ కాదు. నిజమైన ట్రాన్సిట్ పాలసీ అయితే బీమా కంపెనీ పేరుతో కాగితం ఉంటుంది, ఏ క్లాజు కింద ఇచ్చారో రాసి ఉంటుంది. 'ఏ' (A) క్లాజులో దాదాపు అన్ని రిస్కులూ వస్తాయి. బీ క్లాజులో అగ్నిప్రమాదం, బండి బోల్తా లాంటివే. బోల్తా పడని బండిలో అద్దం పగిలితే బీ క్లాజుకు సంబంధం లేదు. చాలా కంపెనీలు ఇది చెప్పవు. ఎల్‌ఆర్ (లారీ రసీదు) వెనకాల చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాల్లో "ఓనర్స్ రిస్క్" అని అచ్చువేసి, ముందు పేజీ మీద సంతకం తీసుకుంటాయి. తెలుగులో, చదవగలిగే సైజులో ఆ షరతులు అచ్చు వేయడానికి ఏం రోగం? ఇక మనం సొంతంగా ప్యాక్ చేసిన పెట్టెలో ఏం పగిలినా సాధారణంగా వాళ్ళు పూచీ పడరు. ఈ ఒక్క విషయంలో వాళ్ళను తప్పుపట్టలేను. లోపల ఏముందో, ఎలా పెట్టారో చూడనివాడు ఎలా హామీ ఇస్తాడు?

ఇప్పుడు ఎవరికీ నచ్చని మాట. ఈ వ్యాపారంలో ఇల్లు కదలకుండానే నడిచే శాఖ ఒకటుంది, బిల్లుల శాఖ. ఏడో వేతన సంఘం తర్వాత ఆరో లెవెల్, ఆ పైన ఉన్న కేంద్ర ఉద్యోగికి బదిలీ మీద 6,000 కిలోల సామాను దాకా రవాణా ఖర్చు పొందే హక్కుంది. బ్యాంకు ఉద్యోగులకు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ ఆమోదించిన ట్రాన్స్‌పోర్టరు బిల్లు అడుగుతారు. న్యాయంగా వాడుకునేవాళ్ళే ఎక్కువ కావచ్చు. కాని రెండు సూట్‌కేసులతో రైలెక్కి, "సార్, ఒక బిల్లు మాత్రం పెద్దది కావాలి" అని ఫోన్ చేసేవాళ్ళు ఎంతమందో ఆ ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళకు తెలుసు. కదలని సామానుకు ఎల్‌ఆర్ రాయమని అడిగిన నోటితోనే మరుసటి ఏడాది "ప్యాకర్సంతా దొంగలు" అంటే వినడానికి వింతగా ఉంటుంది. దొంగ బిల్లు రాయగలిగినవాడు బతికి బట్టకడుతున్నాడంటే దానికి గిరాకీ మన వైపు నుంచే ఉంది.

మోసేవాళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో షిఫ్టింగుకు వేళలు పెడతారు, లిఫ్టు వాడితే రుసుము వేస్తారు, కొన్నిచోట్ల సామానుకు లిఫ్టే వద్దంటారు. అద్దం బీరువాకు తాడు కట్టి, వెనకడుగు వేస్తూ నాలుగు అంతస్తులు దించే ఇద్దరు మనుషుల్లో కింద ఉన్నవాడికి ముందేముందో కనిపించదు, పైనున్నవాడి గొంతే అతనికి దారి. "ఆగు, ఎడమ, ఇంకొంచెం." గోడకు గీత పడితే మాత్రం అసోసియేషన్ సెక్రటరీ వాళ్ళనే నిలదీస్తాడు. అదే సెక్రటరీ వాళ్ళకు మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చెప్పడు. రేటు సగానికి బేరమాడిన రోజున ఆ తగ్గిన సగం ఎవరి కూలిలోంచి పోయిందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నలుగురు రావాల్సిన చోట ఇద్దరు వస్తారు, సామాను పగులుతుంది, మళ్ళీ మన సిద్ధాంతం గెలిచినట్టు కనిపిస్తుంది.

అందరికీ ఈ కంపెనీలు అవసరమని కూడా నేననను. ఒక పరుపు, రెండు సంచులు, ఒక కూలర్ ఉన్న బ్యాచిలరు అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి పోవడానికి ట్రాలీ ఆటో చాలు. వీధి అవతల ఇంటికి మారేవాళ్ళకు బంధువులే చాలు. నా వాదన వాళ్ళతో కాదు. వాషింగ్ మెషీన్, పింగాణీ, అత్తగారిచ్చిన అద్దాల బీరువా, పిల్లల కంప్యూటర్లు అన్నీ కలిపి లక్షల విలువైన సంసారాన్ని వేరే ఊరికి పంపుతూ "మనకు తెలిసిన డీసీఎం డ్రైవరున్నాడు" అనేవాళ్ళతోనే. ఆ డ్రైవరు మంచివాడే కావచ్చు, రాత్రంతా జాగ్రత్తగా నడిపేవాడే కావచ్చు. కాని బండికి ఉన్న ఇన్సూరెన్సు బండికీ దాని వల్ల దెబ్బతిన్న మూడో మనిషికీ వర్తిస్తుంది. లోపలున్న మీ సామానుకు వర్తించదు. ఎక్కించిన వస్తువుల జాబితా ఉండదు, ఎల్‌ఆర్ ఉండదు, 180 రోజుల్లో నోటీసు పంపడానికి చిరునామా ఉండదు. తెలిసినవాడు గదా, అడగడానికి మొహమాటం. అడిగినా ఇవ్వడానికి అతని దగ్గర కాగితమే లేదు.